అమ్మ అమ్మని ఉగ్గాని

ఇప్పటికీ కర్నూలులో ఏ సందు మలుపులోనైనా నానిన బొరుగుల మీద వేడి తిరగమాత పడిన వాసన వస్తే నా కాళ్ళు ఆగిపోతాయి. ఆ వాసన వెంటే కల్లూరులో మేం బాడుగకున్న రేకుల గది, పొయ్యి ముందు చెమటలు కక్కుతున్న అమ్మ, గడపకు ఆనుకుని లెక్కలు చేసుకుంటున్న మా సుంకులక్క గుర్తొస్తారు.

మాది ఆలూరు దగ్గరి పల్లె. వరసగా వానలు ముఖం చాటేసి, బోరు ఎండి, చివరికి పొలం కూడా చేజారాక నాయన మమ్మల్ని కల్లూరికి తెచ్చి, ఒక నూనె మిల్లు గేటు దగ్గర కాపలా పనిలో చేరాడు. ఎండాకాలం రేకుల కింద ఉడికిపోలేక వేపచెట్టు నీడన గచ్చకాయలాడుకునే మాకు ఆదివారం పొద్దున మాత్రం పండగే. అమ్మ బొరుగులు తడిపి నీళ్ళు పిండేసి, ఉల్లిగడ్డ, పచ్చిమిరప, పసుపుతో కలిపి, పైన పప్పుల పొడి చల్లి, ఇంత నిమ్మరసం పిండి, ఉగ్గాని చేసి గుమ్మంలోకి ఎవరు తొంగిచూస్తే వాళ్ళకల్లా పెట్టేది, మాకు గిన్నె అడుగే మిగిలినా సరే. "అడుగుదే రుచి, తిను" అంటూ అక్క తన వాటా కూడా నా వైపు తోసేది.

అక్క పదో తరగతి ఫస్టుగా పాసైంది. కాలేజీలో చేరాలని ఎంతో ఆశపడింది. నాయన జీతమేమో బాడుగకు, బియ్యానికే సరి. సరిగ్గా ఆ రోజుల్లోనే వీధి మొదట్లో అంగడి పెట్టుకున్న శెట్టి మా ఇంటికొచ్చాడు.

"ఏమప్పా, మీ ఇంటామె ఉగ్గాని శానా బాగుంటాది. పొద్దునపూట నా అంగడి అరుగు ఖాళీగానే ఉంటాది. ఆడ కూర్చొని అమ్ముకోమను, బాడుగేం వద్దులే."

అమ్మ ముఖం వెలిగింది. అక్క రాస్తున్నది ఆపి నాయన వైపు చూసింది.

"మాది అన్నం పెట్టే ఇల్లు శెట్టీ, అమ్ముకునే ఇల్లు కాదు" అన్నాడు నాయన.

మా వైపు రైతు ఇళ్ళలో అన్నం అమ్ముకోవడమంటే పరువు అమ్ముకోవడమే. మిల్లుకొచ్చే ప్రతి కారుకూ సలాం కొట్టడానికి అడ్డం రాని ఆ పరువు, అమ్మ గరిటెకు అడ్డమొచ్చింది. తినడానికి తిండి లేదు, మీసాలకు సంపెంగ నూనె! పొలం పోయాక ఆయనకు మిగిలింది ఆ ఒక్క మాటేనని ఇప్పుడు తెలుసు. తెలిసినా నాకు కోపం తగ్గదు.

కొన్నాళ్ళకే ఆ అరుగు మీద పక్కవీధి ఖైరూన్‌బీ ఉగ్గాని గంపతో కూర్చుంది. అక్క సంచులు కుట్టే షెడ్డులో చేరింది. ఆ జీతంతోనే నేను చదువుకున్నాను, బ్యాంకులో ఉద్యోగం తెచ్చుకున్నాను. "నీకు పట్టుదల ఉండాది కాబట్టి పైకొచ్చినావు" అంటారు తెలిసినవాళ్ళు. పట్టుదల అక్కకు నాకన్నా ఎక్కువే. అక్కకు దొరకనిది ఒక అరుగు.

అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. మొన్న అక్కా నేనూ నాయనకు కళ్ళు చూపించి, ముగ్గురం కల్లూరు మీదుగా వస్తూ ఆ వీధిలో ఆగాం. రేకుల గదులు లేవు, వేపచెట్టు లేదు, శెట్టి అంగడి లేదు. అరుగున్న చోట ఖైరూన్‌బీ కొడుకు హోటలు నడుపుతున్నాడు. ఉగ్గాని తెప్పించుకున్నాం. నాయన రెండు ముద్దలు తిని చెయ్యి ఆపాడు.

"మీయమ్మది దీనికన్నా బాగుండేది. అమ్మింటే..." అని ఆగిపోయాడు.

అక్క సూదిపోట్లతో కాయలు కాచిన వేళ్ళతో తన ప్లేటును మెల్లగా నా వైపు తోసింది.