వెళ్ళి రండి

తడిసిన కూలర్ గడ్డి వాసన వస్తే చాలు, నాకు ఢిల్లీ లక్ష్మీ నగర్‌లోని ఆ రెండో అంతస్తు గుర్తొస్తుంది. ఈ మధ్యాహ్నం నోయిడాలో మా ఆఫీసుకు కొత్త కూలర్ వచ్చింది. స్విచ్ వేయగానే అదే వాసన. దాని వెనకే శేషగిరి సార్ దగ్గు వినిపించినట్టయి, వెనక్కి తిరిగి చూశాను కూడా.

పోటీ పరీక్షలకు చదివే తెలుగు పిల్లల కోసం సార్ అక్కడ రీడింగ్ రూమ్ నడిపేవారు. ఒక మూల కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు. నన్ను తొమ్మిదిలోనే బడి వదిలేసింది. నేనే దాన్ని వదిలానని బయట చెప్పుకుంటాను. కారణం మాత్రం నా నోరే. సార్ ఆ నోరు చూసే నన్ను చేర్చుకున్నారు.

సీట్లు ఎంచుకోవడానికి రీడింగ్ రూమ్‌కి ఒక వెబ్‌సైట్ తయారు చేశాం. పేజీ మన సర్వర్‌లో తయారై అవతలివాళ్ళ తెర మీదికి వెళుతుంది. పేజీలోని ఒక్కో భాగాన్ని సార్ పెట్టె అనేవారు. పెట్టెకి నోరుంటుందని, మాట మనమే పెట్టాలని, పెట్టకపోతే దాన్ని మొదట చేసిన ఎవడిదో మాటే వాగుతుందని చెప్పేవారు. లాగౌట్ నొక్కితే కనబడే పెట్టెను నాకు అప్పగించారు. అందులోని ఇంగ్లీషు ముక్క తీసేసి, ‘ఇక దయచేయండి’ అని పెట్టాను. గది గదంతా నవ్వింది. సార్ కూడా నవ్వారు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నారు.

“పరీక్ష పోయి, గది ఖాళీ చేసి, స్టేషన్‌కి పోయేముందు దీన్ని నొక్కేవాడు ఒకడుంటాడురా. వాడితో కూడా దయచేయండనే అంటావా?”

ఇంట్లోంచి కదిలేవాణ్ణి ఎప్పుడైనా పొమ్మన్నామా? నేనే తుడిచి, ‘వెళ్ళి రండి’ అని మార్చాను.

తర్వాత సార్‌కి జబ్బు ముదిరింది. రాజమండ్రిలో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోవడానికి సిద్ధమయ్యారు. బయల్దేరే ఉదయం తన కంప్యూటర్ నాకు అప్పగిస్తూ, చివరిసారి లాగౌట్ నొక్కారు. తెర మీద ‘వెళ్ళి రండి’ అని వచ్చింది. దానికి జవాబు చెబుతున్నట్టుగా, “అచ్ఛా, వెళ్తాను” అన్నారు.

హాస్యంలోకి దిగితే తప్ప నిలబడలేనని తెలిసి, “సార్, సగమే ప్రింటయింది. వెళ్ళొస్తాననాలి” అన్నాను.

సార్ నావైపు తిరిగారు. “పెట్టె నోట్లో మాట పెట్టమన్నాను గానీ, నా నోట్లో కూడా పెడతావేంట్రా?” అని, నా భుజం మీద చెయ్యి వేశారు. “సరే, నీ కోసం. వెళ్ళొస్తా.”

రాలేదు. వర్షాలు మొదలయ్యే వేళకి తమ్ముడుగారు ఫోన్ చేశారు.

ఇప్పుడు నేను ఎవరికి వెబ్‌సైట్ చేసిపెట్టినా ఆ పెట్టెలో ఆ మాటే ఉంటుంది. ‘ధన్యవాదాలు’ అని మార్చమని అడిగేవాళ్ళున్నారు. మీరే మార్చుకోండి, నాకు చేతులు రావంటాను. నవ్వులాటకి అన్నాననుకుంటారు. సాయంత్రం పని ముగించి లాగౌట్ నొక్కాక, తెర నల్లబడేదాకా నేను లేవను. పెట్టెకి నోరే తప్ప చెవుల్లేవని తెలుసు. అయినా, “సరే సార్, వెళ్ళొస్తా” అని దానికి చెప్పే లేస్తాను.