పిలిస్తే మారే పేరు

గల్ఫ్‌లో చమురు డబ్బుతో వెస్ట్ బే అనే ప్రాంతంలో టవర్లు లేస్తున్న రోజులవి. నేనూ, కరీంనగర్ రాములూ ఒక సైట్ గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ చేసేవాళ్ళం. ఒకరి పాస్‌తో మరొకరు లోపలికి పోతే మా ఉద్యోగాలు పోయేవి.

ఒక పొద్దున లాత్వియా నుంచి వచ్చిన కొత్త ఇంజనీరు పాస్ చూపించాడు. ‘యానిస్’ అని ఉంది. అంతలో లోపలినుంచి అతని దేశస్థుడు “యానీ!” అని కేకేశాడు.

“పాస్‌ల ఒక పేరున్నది, పిలిచేది ఇంకో పేరు. పోనియ్యకు అన్నా,” అన్నాడు రాములు. ఫొటో కూడా మసకగా ఉండడంతో ఆపేశాను.

“పిలిచేటప్పుడు మా భాషలో చివరి ‘స్’ పోతుంది,” అన్నాడు ఇంజనీరు. “మా అధ్యక్షుల్లో, కవుల్లో యానిస్‌లున్నారు. పిలిస్తే వాళ్ళూ యానీలే.”

రాములు పాస్ తీసుకుని మళ్ళీ చూశాడు. “మా అమ్మ గూడ నన్ను రామా అనే పిలుస్తది,” అంటూ గేటు తీశాడు. కానీ ఇంజనీరు లిఫ్టు ఎక్కేదాకా అతని మీంచి చూపు తిప్పలేదు.