మరణించిన సమయం

యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ముప్పై రెండేళ్ళు పనిచేసి, అసిస్టెంట్ రిజిస్ట్రార్‌గా రిటైరయ్యాక పొదిలి వచ్చేశాను. మావారిది ఈ ఊరే. ఇక్కడ మాలాంటి రిటైరైనవాళ్ళం ఏడుగురం కలిసి ఒక సేవా సంఘం నడుపుతున్నాం. మాకున్న ఆస్తల్లా ఒక రీడింగ్ రూము, అందులో ఓ మూల శవాన్ని ఉంచే ఫ్రీజర్ పెట్టె. ఎవరింట్లోనైనా మనిషి పోతే, దూరపు బంధువులు వచ్చేదాకా ఆ పెట్టె పంపిస్తాం. ఫోన్ ఎత్తే పని నాది.

పెట్టె కోసం నేనొక దరఖాస్తు తయారు చేశాను. ఉద్యోగబుద్ధి ఎక్కడికి పోతుంది? పేరు, వయసు, ఊరు, మరణించిన సమయం, తీసుకున్నవారి సంతకం. "చావింటివాళ్ళకి కూడా అప్లికేషనేంటండీ" అని సంఘంలో ఒక మాస్టారు నవ్వారు. నేను పట్టించుకోలేదు. కాగితం లేకుండా ఒక వస్తువు గది దాటితే నాకు నిద్ర పట్టదు.

రెండేళ్ళ కిందట మిరప కోతలప్పుడు ఒకరోజు పదకొండింటికి ఫోన్ వచ్చింది.

"మేడంగారా? మా అమ్మ పోయిందండి. పెట్టె కావాల. మా చెల్లెలు బళ్ళారి నుంచి రావాల, రేపటికి గానీ రాలేదు."

వాళ్ళ ఊరు పొదిలికి దగ్గరే. మామూలుగా డ్రైవరు ఒక్కడే ట్రాలీ ఆటోలో పెట్టె తీసుకెళ్ళి దించి వస్తాడు. అయితే అంతకుముందు వారం ఒక ఇంట్లో వైరింగ్ బాగాలేక ప్లగ్గు కాలిపోయింది. ఈసారి కరెంటు సంగతి నేనే చూద్దామని అతని పక్కన కూర్చుని వెళ్ళాను.

ఇంటిముందు అప్పుడే షామియానా కడుతున్నారు. ఎదురుగా కల్లంలో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. ఆ ఘాటుకి ఏడ్చేవాళ్ళతోపాటు ఏడవనివాళ్ళ కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. ఫోన్ చేసిన కొడుకు ఎదురొచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. పొద్దున వాళ్ళమ్మ కల్లంలోనే పడిపోయిందట. ఊళ్ళో వైద్యం చేసే మనిషి వచ్చి చెయ్యి పట్టి చూసి, నాడి లేదని చెప్పి వెళ్ళిపోయాడట.

నేను అరుగు మీద కూర్చుని కాగితం తీశాను. "ఎన్నింటికి పోయారు బాబూ?"

అతను నా వంక అర్థం కానట్టు చూశాడు. "తొమ్మిదిన్నర... పదనుకోండి."

పది గంటలు అని రాశాను. అతను సంతకం పెట్టాడు. ప్లగ్గు ఎక్కడుందో చూడటానికి లోపలికి వెళ్ళాను.

ముందుగదిలో ఆవిడని చాప మీద దక్షిణం తలగా పడుకోబెట్టారు. తల దగ్గర దీపం. కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి తాడుతో కట్టారు. దీపం ఆరిపోకుండా ఫ్యాను ఆపేశారు. నేను గోడమీది స్విచ్‌బోర్డు చూస్తున్నాను. ఆవిడ కాళ్ళవైపు ఏదో కదిలినట్టయింది. తల తిప్పి చూశాను. కట్టిన వేళ్ళలో ఒకటి తాడుని లాగుతోంది.

అరవాలని కూడా తోచలేదు. అక్కడే కూలబడి ఆవిడ మెడ మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది, కానీ చెమటతో తడిసి ఉంది. చచ్చిపోయిన మనిషికి చెమట పట్టదు కదా అనుకున్నాను. ఆ ఒక్కమాటే బుర్రలో తిరుగుతోంది. పక్కన ఆవిడ కోడలు గోడకానుకుని ఏడుస్తోంది.

"అమ్మాయ్," అన్నాను, "మీ అత్తగారు బతికే ఉన్నారు."

ఆమె ఏడుపు ఆపి, అనకూడని మాటేదో అన్నట్టు నన్ను చూసింది. "అట్టా అనబాకండి మేడం."

నేను ఆవిడ కాలివేళ్ళ వైపు చూపించాను. ఆమె పాకుతూ వచ్చి ముడి విప్పబోయింది. ముడి రాలేదు. వంగి పళ్ళతో లాగి తెంపింది.

"షుగరుందా ఈవిడకి?" అని అడిగాను. మావారికి ఉంది కాబట్టి, షుగరు పడిపోయినప్పుడు పట్టే ఆ చెమట నాకు తెలుసు.

"ఉండాది. పొద్దున మాత్ర ఏసుకుని కల్లంలోకి పోయింది. ఏం తినలా."

అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యమని కొడుక్కి చెప్పి, పంచదార తడిపి, వేలితో ఆవిడ బుగ్గ లోపల రాస్తూ కూర్చున్నాను. గుమ్మం నిండా జనం. బయట డ్రైవరూ ఇంకో ఇద్దరూ పెట్టెని సగం దించి, అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

అంబులెన్స్‌లో వచ్చినవాళ్ళు నరానికి గ్లూకోజు ఎక్కించారు. కాసేపటికి ఆవిడ కళ్ళు తెరిచి చుట్టూ చూసింది. "ఇంతమంది ఎందుకొచ్చారు?" అంది. కొడుకు ఉన్నచోటే నేలమీద కూర్చుండిపోయాడు.

డ్రైవరు తనంతట తనే పెట్టెని మళ్ళీ ఎక్కించి, పైన పట్టా కప్పేశాడు.

ఆ తర్వాత చాలా రోజులు నాకు అన్నం సయించలేదు. సంచీలోంచి ఆ కాగితం తీసి చూసేదాన్ని. నా దస్తూరీ ఎంత ముచ్చటగా ఉందో. పది గంటలు. బతికున్న మనిషి గోడకి అవతల ఉండగా, చావు వేళ అడిగి, రాసి, సంతకం తీసుకున్నాను. సర్వీసులో ఉండగా ఒక కుర్రాడు నా టేబుల్ ముందుకొచ్చి, "మేడం, నేను పరీక్ష రాశాను, ఆబ్సెంటని వచ్చింది" అన్నాడు. రికార్డులో ఆబ్సెంటనే ఉంది, వెళ్ళమన్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ గుర్తురాని ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చింది. అతని మొహం గుర్తు తెచ్చుకుందామంటే కుదరలేదు. నేను తలెత్తి చూస్తే కదా.

నెల తిరిగాక ఆవిడే, కొడుకు బండి వెనక కూర్చుని, రీడింగ్ రూముకి వచ్చింది. మనిషి గట్టిగానే ఉంది. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ పెట్టె ఏదమ్మా?" అంది.

చూపించడం నాకు ఇష్టం లేదు. ఆవిడే కనిపెట్టి, వెళ్ళి మూత మీద చెయ్యి పెట్టింది. "టైమెంత అని అడిగింది నువ్వే గదా?" అంది.

"మీకు వినపడిందా?"

"అంతా వినపళ్ళా. ముక్కా ముక్కా. మాట్టాడదామంటే నోరు రాలేదు. మావోడు పది అన్నాడు. మంచినీళ్ళియ్యరా అని లోపల్లోపల నేను పిలస్తానే ఉండా."

ఆ మాటలో కోపం లేదు. అందుకే నేను తట్టుకోలేకపోయాను. ఆవిడ చేతులు పట్టుకుని తప్పయిపోయిందన్నాను.

"నీదేముందమ్మా, నువ్వు చూశావు గాబట్టే గదా," అంది. గొంతు తగ్గించి చెప్పింది: "కోడలు ఏడ్చింది. అంత ఏడస్తదని నేను అనుకోలేదు."

ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా, నేను చూసి వచ్చేదాకా పెట్టె ఆటోలోనే ఉంటుంది. ముందు నేను లోపలికి వెళ్తాను. డాక్టరు రాసిచ్చిన కాగితం ఉన్నా వెళ్తాను. మొన్న ఒక ఇంట్లో పెద్దాయన పక్కన కూర్చుని మణికట్టు పట్టుకున్నాను. ముక్కు దగ్గర వేలు పెట్టాను. చెవి దగ్గరికి వంగి, "ఏవండీ" అని మూడుసార్లు పిలిచాను. ఇంట్లోవాళ్ళు అది మా సంఘం ఆచారమనుకున్నట్టున్నారు, చేతులు కట్టుకుని తలలు వంచుకున్నారు. ఆయన పలకలేదు. ఇంకాసేపు ఆగి, బయటికి వచ్చి పెట్టె దించమని చెప్పాను.