యాదమ్మ పక్కన చోటు

తార్నాక మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ఫినాయిల్ వాసన తగిలితే చాలు, యూనివర్సిటీ క్వార్టర్స్‌లోని మా ముందుగది గుర్తొస్తుంది. అప్పుడు నాకు పదేళ్లు. నాన్న యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా, అమ్మ సీతాఫల్‌మండిలో టీచరు. గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లం. వేసవిలో ఎర్రపూలు రాలిన క్యాంపస్ రోడ్ల మీద తొక్కుడుబిళ్ల ఆడుతూ, డిసెంబరు చలిలో క్రిస్మస్ పిండివంట గులాబీ పువ్వులు వేగే నూనె వాసనకు వంటింటి గడప వదలకుండా, గురువారం ప్రార్థనకు మా ఇంటికొచ్చే చర్చివాళ్ల పాటలు వింటూ పెరిగాను.

యాదమ్మ క్యాంపస్‌లోని లేడీస్ హాస్టల్లో ఊడ్చే మనిషి, అమ్మకు తెలిసినామె. టీబీ అని తెలియగానే మౌలాలిలోని అత్తగారింటివాళ్లు బయటికి పంపేశారు. క్రిస్మస్‌కు నెల రోజులుందనగా అమ్మ ఆమెను ఆటోలో ఇంటికి తీసుకొచ్చి, ముందుగదిలో నా మంచం మీద దుప్పటి మార్చింది.

"గీడ గచ్చు మీద పండుకుంట తీ అమ్మా. పిల్లకెందుకు తిప్పల," అంది యాదమ్మ.

"మంచం ఉండగా నేల మీదెందుకు?" అంది అమ్మ.

నా పడక వంటింట్లోకి మారింది. అమ్మ రోజూ ఫినాయిల్‌తో ఆ గది తుడిచేది. దగ్గు వినబడినప్పుడల్లా నేను చెవులు మూసుకునేదాన్ని. యాదమ్మ గ్లాసును కాలితో పక్కకు నెట్టి, దేవుడు చూశాడేమోనని కిటికీ వైపు చూసేదాన్ని.

గురువారం వచ్చేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. ఒకరోజు సంఘపెద్ద భార్య గుమ్మం బయటే నిలబడి, "సాయం చెయ్యొద్దనను అక్కా. పిల్ల ఉన్న ఇంట్లో పెట్టుకోవడమేంటండీ?" అంది.

"మరెక్కడ పెట్టమంటారు?" అని అమ్మ నిజంగానే అడిగింది. ఆవిడ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆ ఏడాది క్యారల్స్ బృందం వీధిలో క్రైస్తవుల ఇళ్లన్నిటి ముందూ పాడి, మా గేటు దాటి వెళ్లిపోయింది. పళ్లెంలో సర్దిన గులాబీ పువ్వులను నాన్న ఒక్కొక్కటే మళ్లీ డబ్బాలో పెట్టాడు.

మందులు పనిచేశాయి, ఇక అంటదు అని డాక్టరు చెప్పాక, చర్చిలో క్రిస్మస్ ఆరాధనకు అమ్మ యాదమ్మను వెంటబెట్టుకొచ్చింది. వాళ్లిద్దరూ చాప మీద కూర్చోగానే చుట్టూ ఉన్నవాళ్లు మెల్లగా జరిగారు. నేను సండే స్కూల్ పిల్లలతో ముందు నిలబడి పాడుతున్నాను. పాట అయ్యాక పిల్లలందరూ తల్లుల దగ్గరికి వెళ్లారు. అమ్మ నన్ను చూసి, యాదమ్మ పక్కన చోటు చూపించింది. నేను వెళ్లలేదు. స్నేహితురాలి వెనక నక్కి కూర్చున్నాను.

ఇంటికొచ్చాక అమ్మ నేరుగా వంటింట్లోకి వెళ్లింది. యాదమ్మే, "మస్తుగ పాడినవ్ బిడ్డా," అంది.

వేసవికి ఆమె కోలుకుని, మళ్లీ పనిలో చేరి, విద్యానగర్‌లో గది చూసుకుంది. వెళ్లేరోజు నాకు జడ వేసింది. క్షమించమని అడగాలని జడ పూర్తయ్యేదాకా అనుకుంటూనే ఉన్నాను. అడగలేదు.

ఇప్పుడు ఆ క్వార్టర్స్ లేవు, అమ్మా లేదు. గురువారం ప్రార్థన ఫోన్ తెర మీద జరుగుతోంది. తార్నాకలో మాది మూడు గదుల ఫ్లాటు. ఒక గదిలో ఎవరూ ఉండరు. పోయిన నెల మా వంటమనిషి, పిల్లతో ఉంటున్న ఇల్లు ఉన్నపళంగా ఖాళీ చెయ్యమన్నారని చెప్పింది. అద్దె గది ఉందేమోనని నాలుగు చోట్లకు ఫోన్ చేసి అడిగాను, ఆమె కోసం ప్రార్థన కూడా చేశాను. ఖాళీ గది సంగతి ఆమె అడగలేదు, నేను ఎత్తలేదు.