నాయన చెప్పిన పోలిక

అరవైల చివర్లో నేను హిందూపురం కాలేజీలో చదివేటప్పుడు మా ఇంగ్లీషు లెక్చరర్ పాతకాలపు ఇంగ్లీషు కవుల మెటాఫిజికల్ కవిత్వం గురించి చెప్పారు. పొంతన లేని రెండింటిని తెచ్చి కలపాలి. కలిపింది సరైనదేనని వకీలులా వాదించి ఒప్పించాలి. ప్రేమ గురించో చావు గురించో చెబుతూనే ఏ పనిముట్టునో చేతికివ్వాలి. పద్యం ఎవరో పక్కనుంచి కసిరినట్టు మొదలవ్వాలి. ఇంత చెప్పి, "మీ సొంత పోలిక ఒకటి చెప్పండి చూద్దాం" అన్నారు.

నేను లేచాను. ధర్మవరంలో మా నాయన చీరలు నేస్తాడని ఆ క్లాసులో ఎవరికీ చెప్పినవాణ్ణి కాదు. చెబితే చులకనవుతానని భయం. అలాంటి ఘనుణ్ణి, ఆ రోజు మగ్గం గురించే మాట్లాడాను.

మగ్గం మీద నిలువుగా పరిచిన పోగులు, అంటే పడుగు, అయిపోయినప్పుడు పాత పోగుల కొసలను మగ్గంలోనే ఉంచి, బూడిద అద్దుకున్న వేళ్లతో కొత్త పోగులను ఒక్కొక్కటే వాటికి అతుకుతారు. నేను కాలేజీలో చేరకముందు, అమ్మ పోయి కర్మ అయిన మరునాడు నాయన ఆ పనిలో ఉన్నాడు. పక్కన కూర్చుని ఏడుస్తున్న నన్ను కసిరాడు.

"ఏడ్సింది చాలు, ఈడ చూడు. పాత పడుగంతా కోసి పారేస్తే కొత్తది యాడ అతకాల? మీయమ్మ కొసలు మన కాడే ఉండాయి. ఆడనుంచే మొదలుపెట్టాల."

అని ముఖం తిప్పుకున్నాడు. లెక్చరర్ చెప్పిన లక్షణాలన్నీ ఆ నాలుగు ముక్కల్లో ఉన్నాయి. ఆయన చెప్పనిది, ముఖం తిప్పుకోవడం.

క్లాసులో ఆ మాటనే ఇంగ్లీషులో చెప్పాను. "నీ సొంతమేనా?" అన్నారు లెక్చరర్. "నాదే సార్" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గులేకుండా నవ్వాను.

దసరా సెలవులకు ముందు నాయన బజారులో చీర ఇచ్చేసి, నన్ను ఇంటికి తీసుకుపోదామని కాలేజీకి వచ్చాడు. గేటు దగ్గర లెక్చరర్ ఎదురై, పనిముట్లతో పోలికలు కట్టే ఇంగ్లీషు కవుల్లా చెప్పాడని నన్ను మెచ్చుకుంటూ ఆ పోలిక మొత్తం తెలుగులో వినిపించారు. తన మాట తానే చేతులు కట్టుకుని చివరిదాకా విన్నాడు నాయన.

"మీ ఇంట్లో ఇలా మాట్లాడేవాళ్లు ఉన్నారా?" అడిగారాయన.

నాయన నావైపు ఒక్కసారి చూశాడు. "మాకేడ వస్తాయి సార్ అట్లాంటి మాటలు. సదువుకునేటోడు, వాడికే వస్తాయి."

ప్యాసింజరు బండిలో ఎదురెదురుగా కూర్చున్నాం. పెనుకొండలో బండి ఆగినప్పుడు నాయన అడిగాడు.

"ఏమబ్బా, ఆ కవుల్లో మగ్గం నేసేటోళ్లు ఉండారా?"

"లేరు నాయనా."

"అట్లయితే వాళ్లు గూడా యెవరో చెప్పింటే ఇనింటారులే."

ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. తప్పయిందని చెప్పడానికి ధర్మవరం వచ్చేదాకా సమయం ఉంది. ఆ తర్వాత ఆయన బతికిన ఏళ్లన్నీ ఉన్నాయి. నేను చెప్పలేదు.