చెప్పకూడని జవాబు

మొన్న వేసవిలో అనంతపురంలో కదిరి బస్సెక్కితే, నా పక్కన యాభై దాటిన రైతు ఒకాయన కూర్చున్నాడు. టౌన్లో ఓసీడీ అనే మానసిక జబ్బు ఉన్న పిల్లల తల్లిదండ్రులకు సదస్సు పెడితే వెళ్లి వస్తున్నానన్నాడు. ఊరు దాటకముందే ఆయన ఫోన్ మోగింది. ఆయన ఎత్తలేదు.

"నా కూతురన్నా. దాని తలకాయలోకి చెడ్డ ఆలోచన వస్తే నాకు చావొస్తాదని దాని భయం. 'నాయనా, నీకేం కాలేదు కదా' అని పొద్దస్తమానం అడుగుతాది. కాలేదంటే రోంతసేపు కుదురుగా ఉంటాది, మళ్లా అడుగుతాది. అట్లా చెప్పేకొద్దీ జబ్బు ముదురుతాదంట. జవాబు చెప్పొద్దని సదస్సులో డాక్టరమ్మ మాకందరికీ మరీమరీ చెప్పింది."

"చెప్పకుంటే?"

"గోడకేసి తల కొట్టుకుంటాదన్నా. ఆ సంగతి ఆడ లేచి అడుగుదామనుకుంటి. అందరూ ఏడుస్తా ఉండిరి, నాకు నోరు రాలేదు."

కిటికీ అవతల దున్నిన చేలు వానకోసం ఖాళీగా పడివున్నాయి. ఫోన్ ఆగకుండా మోగుతోంది. చివరికి దాన్ని నా చేతిలో పెట్టాడు.

"నువ్వు చెప్పన్నా. చెప్పొద్దనింది మాకు కదా, నీకు కాదు కదా."

"మీ నాయన బాగున్నాడమ్మా," అన్నాను.

"నిజంగానా? ఒట్టు?" అంది ఆ పిల్ల.

"ఒట్టు."

ఆయన కళ్లు మూసుకుని తల వెనక్కి వాల్చాడు. కాసేపటికి మళ్లీ మోగింది. మళ్లీ నేనే చెప్పాను.

నేను దిగాల్సిన చోటు వచ్చింది. మెట్ల దగ్గరికి చేరేసరికి ఫోన్ మోగడం వినిపించింది. తిరిగి చూస్తే, ఆయన వెనక సీట్లోని ముసలామెకు ఫోన్ అందిస్తూ, "ఒక్క మాట చెప్పమ్మా" అని బతిమాలుతున్నాడు.