పిల్లి చూస్తంది!

మా పక్కింటి కొండబాబు బాబాయిది ఒకటే పట్టుదల. తన పిల్లికి పడని ఉప్పు దాని కళ్ళెదుట ఎవరూ తినకూడదు. తినాలనుంటే పిల్లి చూడని చోటికి పోయి తినాలి. అలాంటి చోటు మా చోడవరంలో ఉందో లేదో నాకింతవరకూ తెలీదు.

నా పేరు ఆలియా. అరుగు మీద మిషను వేసుకుని జాకెట్లు కుడతాను. మా రెండిళ్ళకీ మధ్య గోడ నడుమెత్తే కాబట్టి వాళ్ళింట్లో పప్పు పొంగితే నాకు తెలుస్తుంది, మా ఇంట్లో పాలు విరిగితే వాళ్ళకి తెలుస్తుంది. బాబాయి చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బళ్ళు తూచే కాటా దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. పిల్లి పేరు బెల్లం. రంగు అచ్చం అనకాపల్లి బెల్లమే. గుణం మాత్రం కాదు, దానికి తీపి అక్కర్లేదు. ఎండుచేప కావాలి.

బాబాయి భార్య దేముడమ్మ పిన్నికీ అదే కావాలి. గంప నెత్తిన పెట్టుకుని చిన్నతల్లి వీధి మొదట్లో "ఎండుసేపలో!" అని కేకేసిందంటే ఆ ఇంట్లోంచి ఇద్దరూ ఒకేసారి బయటికొచ్చేవాళ్ళు. ముందు పిల్లి, వెనకాల కొంగు దోపుకుంటూ పిన్ని.

చిక్కేమిటంటే పిన్నికి బీపీ. ఒకరోజు పెరట్లో కుళాయి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. అనకాపల్లి తీసుకెళ్తే, ఉప్పు తగ్గించకపోతే పక్షవాతం వచ్చి మంచాన పడతావని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలోనే పిన్ని తీర్పు ఇచ్చేసింది.

"ఆ గుంటడికి మీసం సరిగ్గా మొలవనేదు, నాకు సెప్తాడేటి? మా యమ్మ ఉప్పుసేప తినే ఎనిమిది మందిని కన్నాది."

బాబాయి బతిమాలాడు. తిట్టాడు. అన్నం మానేసి అలిగాడు. ఆఖరికి ఉప్పు డబ్బా తీసుకెళ్ళి అటక మీద దాచాడు. పిన్ని గోడ మీంచి చెయ్యి చాపి నా ఉప్పు డబ్బా పట్టుకుపోయింది. మాత్ర వేసుకునేది, దాని మీద ఇంత ఆవకాయ నంజుకునేది. ఇక ఈవిడ మాట వినదని బాబాయి నోరు మూసుకున్నాడు. మేమంతా అలాగే అనుకున్నాం.

ఆ తర్వాతే ఒక పొద్దున్న బెల్లాన్ని మూతున్న ప్లాస్టిక్ బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కట్టి, మోపెడ్ మీద పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. బుట్టలోంచి అది పెట్టిన కేకలకి వీధిలో కుక్కలన్నీ లేచి నిలబడ్డాయి. తిరిగొస్తూనే గుమ్మంలోంచి అరిచాడు.

"ఒసే దేముడమ్మా! బెల్లానికి ఉప్పు పడదంట!"

"పిల్లికి ఉప్పేటండీ? దానికి మనవేటి ఆవకాయెడతన్నామా?"

"ఎండుసేప నిండా ఉన్నది ఉప్పు కాదేటి? ఉప్పొద్దన్నాడు, ఉల్లిపాయొద్దన్నాడు, పాలు కూడా తగ్గించమన్నాడు. పచ్చిసేప తెచ్చి, ఏటీ వెయ్యకుండా ఉడకబెట్టి, ముళ్ళు తీసి పెట్టమన్నాడు. ఇనకపోతే దీని కిడ్నీలు పోతాయంట."

"అయ్యో నా తల్లే!" అంది పిన్ని. పక్షవాతం మాట వినీ చలించని మనిషి, పిల్లి కిడ్నీల మాట వినగానే దాన్ని ఒళ్ళోకి లాక్కుని కళ్ళు తుడుచుకుంది.

"మరి అది సూస్తండగా నువ్వు ఎండుసేప ఏపుకుని తింటే అదూరుకుంటాదా? నోరులేని జీవి. దాని ఉసురు పోసుకుంటావేటి?"

"నానెందుకు పోసుకుంతానండీ?"

"అయితే ఈ ఇంట్లో ఉప్పు బంద్. దానికేటో మనకీ అదే."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో చప్పిడి పప్పు, చప్పిడి పులుసు. బాబాయి పచ్చి ఉల్లిపాయ ముక్క కొరుక్కుంటూ చప్పిడి మజ్జిగన్నం తినేవాడు. పిన్ని కొన్నాళ్ళు ఓర్చుకుని, ఓ మధ్యాహ్నం మెల్లిగా మా వంటింట్లో దూరింది.

"ఒసే ఆలియా, ఓ ముక్క... ఒక్క ఆవకాయ ముక్క ఎయ్యే."

నేను జాడీ మూత తీశానో లేదో కిటికీ మీద బెల్లం ప్రత్యక్షమైంది. గుడ్లప్పగించి చూసి మ్యావుమంది. గోడవతల నుంచి బాబాయి గొంతు.

"పిల్లి చూస్తంది!"

పిన్ని ముక్క జాడీలో పడేసి వెళ్ళిపోయింది.

రంజాన్‌కి నేను బిరియానీ గిన్నె పట్టుకెళ్తే బాబాయి గుమ్మంలోనే ఆపేశాడు. "ఇందులో ఉప్పేసేవా?"

"వెయ్యకుండా బిరియానీ ఎలాగవుద్ది బాబాయ్?"

"మరి పిల్లి చూస్తంది కదే!"

ఇంకేం చేస్తాను, మళ్ళీ పొయ్యి వెలిగించాను. ఉప్పు లేని బిరియానీ వండిన ఆడది మా వంశంలో నేనొక్కదాన్నే. మా అత్త నుస్రత్ ఇప్పటికీ ఆ మాట ఎత్తి నవ్వుతుంది.

అసలు సంగతి బుచ్చయ్యపేట పెళ్ళిలో జరిగింది. పిన్ని చెల్లెలి కూతురి పెళ్ళి. నన్నూ రమ్మన్నారు. ఆటో ఎక్కుతుంటే బాబాయి ఒళ్ళో బుట్ట!

"పెళ్ళికి పిల్లేటి బాబాయ్?"

"ఎవలికొదిలేస్తాం? బెంగెట్టుకుంటాది."

భోజనాల దగ్గర బుట్టని తీసుకొచ్చి పిన్ని విస్తరి పక్కన పెట్టి మూత తీశాడు. బెల్లం తల బయటపెట్టి పెళ్ళివారందర్నీ పరికించింది. వడ్డించే అబ్బాయి ఆవకాయ తెచ్చాడు. "ఒరే బాబూ, ఒద్దు. పిల్లి చూస్తంది." అప్పడాలు తెచ్చాడు. "పిల్లి చూస్తందిరా." పులిహోర వచ్చేసరికి బాబాయి నోరు తెరవక ముందే వరసలో ఉన్న వాళ్ళంతా కలిసి "పిల్లి చూస్తంది!" అని అరిచారు. పెళ్ళికొడుకు కూడా నవ్వాడు. పిన్ని మొహం ఎర్రబడింది. పెరుగన్నం, అరటిపండు తిని లేచింది. బాబాయి కూడా అంతే తిన్నాడు.

ఊళ్ళో ఊరుకుంటారా? బేరం పోయిన చిన్నతల్లి గంప దించి మరీ అనేది, "పెళ్ళానికి బీపీ అంటే పట్టనేదు గానీ, పిల్లి కిడ్నీలకి బెంగంట! ఏం మొగుడమ్మా!" నాకూ ఒళ్ళు మండేది. ఇంత శ్రద్ధ భార్య మీద పెడితే ఏం పోయిందీయనకి అనుకునేదాన్ని.

ఇలా ఉండగా మా మేకపిల్లకి కడుపుబ్బింది. ఎత్తుకుని పశువుల ఆస్పత్రికి పరిగెత్తాను. డాక్టరు ప్రేమ్‌కుమార్ గారు మందు పట్టించి, పేరూ, ఇల్లెక్కడో అడిగి, ఉన్నట్టుండి అన్నారు.

"కొండబాబు గారి పక్కిల్లా? ఆవిడ బీపీ ఎలాగుందండీ?"

నేను బిత్తరపోయాను. "బీపీ పిన్నికండీ. మీరు చూసింది పిల్లిని."

"పిల్లికేటండీ, దుక్కలా ఉంది. ఉప్పుచేపలు మానిపించమని ఏ పిల్లి వచ్చినా చెప్తాను, దానికీ చెప్పేను. ఆయన అంతా విని, 'బాబూ, ఇదే సప్పిడి తిండి మనిషి తింటే బీపీ తగ్గుద్దా?' అనడిగేరు. మనుషుల సంగతి మనుషుల డాక్టర్ని అడగండి అన్నాను. 'ఆయన సెప్పేడు బాబూ. మా ఆవిడ తన కోసమైతే ఇనదు. పిల్లి కోసమైతే ఇంటాది' అన్నారు. వెళ్తూ వెళ్తూ పిల్లి తల నిమిరి, 'నీ పుణ్యముంటాదే బెల్లం, నా ఇల్లు నిలబెట్టు' అన్నారండీ."

మేకపిల్లని చంకనేసుకుని ఇంటికొచ్చాను. దారి పొడుగునా నవ్వొచ్చింది. ఇంత మాట కడుపులో ఉంచుకోవడం నా వల్ల అవుతుందా? తిన్నగా పిన్ని దగ్గరికెళ్ళాను. పెరట్లో కూర్చుని ఉడికిన చేపకి ముళ్ళు తీస్తోంది. ఉన్నదంతా కక్కేశాను.

పిన్ని తలెత్తలేదు. ఒక ముల్లు తీసి పక్కన పెట్టింది.

"నాకు తెలీదేటే?"

"తెలుసా!"

"ఉల్లిపాయ కూడా పిల్లికి పడదని ఆ రోజు ఆయన నోటితోటే సెప్పేడు. మరి ఉల్లిపాయ మానిపించేడా? నా ఎదరే కొరుక్కు తింటాడు. అప్పుడు పిల్లి సూడదేటి? ఉప్పు కాడే సూస్తాదేటి?"

ఆ ఉల్లిపాయ ముక్కని రోజూ గోడ మీంచి చూస్తూనే ఉన్నాను.

"తెలిసీ పెళ్ళిలో అంత నవ్వులపాటు ఎందుకు పడ్డావు పిన్నీ?"

"కూరలో ఉప్పు తగ్గితే కంచం ఇసిరేసే మనిషే ఆయన. నా కోసం సప్పిడి మెతుకులు మింగుతన్నాడు. ఊరంతా పిల్లిపిచ్చోడంతన్నా పడతన్నాడు. నాకోసం అంత పడే మనిషికి, ఓ ఆవకాయ ముక్క మానేస్తే నాదేటి పోయింది?" కొంగుతో ముక్కు తుడుచుకుని వెంటనే కళ్ళెర్రజేసింది. "నాకు తెలుసని ఆయనతో అన్నావంటే నీ మిషను నూతిలో పడేస్తాను. తెలిసిపోతే నాను మళ్ళా మొండికేస్తానని భయపడిపోతాడు ఎర్రిబాబు."

ఆ వారంలోనే అనకాపల్లి వెళ్ళొచ్చారు. బీపీ దారికొచ్చిందని మీసం మొలవని డాక్టరు మెచ్చుకున్నాడట. ఆటో దిగుతూనే బాబాయి బెల్లాన్ని భుజానికెత్తుకుని వీధంతా తిప్పాడు. పిల్లి ఆరోగ్యం కుదుటపడిందని అందరికీ చెప్పాడు.

సాయంత్రం చిన్నతల్లి కేక వినబడింది. "ఎండుసేపలో!" బెల్లం చెవులు నిక్కించింది. పిన్ని గుమ్మంలోకొచ్చి, గంపకేసి ఒక్క క్షణం ఆశగా చూసి, గొంతెత్తి అంది.

"ఒద్దే సిన్నతల్లీ. మా పిల్లికి పడదు."

లోపల్నుంచి బాబాయి తృప్తిగా దగ్గాడు. తర్వాత గోడ దగ్గరికొచ్చి గుసగుసగా అడిగాడు, "ఏటే ఆలియా, మీ పిన్నికేటీ అనుమానం రానేదు కదా?"

"దేని గురించి బాబాయ్?"

"ఏటీ నేదులే," అని వెళ్ళిపోయాడు.

నేను వంటింట్లోకొచ్చి పొయ్యి మీద పులుసులో ఉప్పెయ్యబోతూ తలెత్తాను. కిటికీలో బెల్లం. చెంచాలో సగం ఉప్పు మళ్ళీ డబ్బాలో పోసేశాను.